ఇంటీరియర్ డిప్లొమాను సాయంత్రం బ్యాచ్‌గా మన డిగ్రీ కాలేజీల్లో పెట్టాలి

సంపాదకుల గారికి నమస్కారం.

ఇంటర్ ఫలితాలు వచ్చినప్పటి నుంచి మీ పత్రికలో పై చదువుల గురించి వరసగా వ్యాసాలు వేస్తున్నారు. డిజైన్ కోర్సుల మీద వచ్చిన పేజీని శ్రద్ధగా చదివాను. నాలుగేళ్ల డిగ్రీలు, ప్రవేశ పరీక్షలు, బెంగళూరు, హైదరాబాద్ కాలేజీల వివరాలు చక్కగా ఇచ్చారు. కమ్యూనిటీ కాలేజీలో చేసే ఏడాది ఇంటీరియర్ డిజైన్ (ఇంటి లోపలి అమరిక) డిప్లొమా ఊసు మాత్రం ఎక్కడా కనిపించలేదు. నేను చదివింది ఆ డిప్లొమానే. ఆ చదువుతోనే ఇవాళ విజయవాడలో, అప్పుడప్పుడు గుంటూరు, మంగళగిరిలో కూడా, ఇళ్లకు వంటగదులు, కప్‌బోర్డులు గీసి ఇచ్చి దగ్గరుండి పని చేయిస్తున్నాను. నాలాంటి వాళ్లు ఈ రెండు జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వాళ్లకు అలాంటి చదువు ఒకటి ఉందనే తెలియదు. తెలిసినా ఇప్పుడు చేరడానికి దగ్గర్లో సీటు దొరకడం కష్టం. అందుకే రాస్తున్నాను. ఉత్తరం పొడవైంది, వీలైనంత వరకు కత్తిరించకుండా వేయమని మనవి.

మాది సత్యనారాయణపురం. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లయింది, చదువు అక్కడే ఆగింది. ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేదాన్ని. తర్వాత కర్టెన్ల పనులు రావడం మొదలైంది. కొలతలు తీసుకోవడానికి కొత్త అపార్టుమెంట్లకు వెళ్లినప్పుడు కిటికీల కంటే గదులే ఎక్కువ చూసేదాన్ని. లక్షలు పోసి చేయించిన పడకగదిలో కప్‌బోర్డు తలుపు తెరిస్తే మంచానికి తగిలేది. స్విచ్‌బోర్డు టీవీ యూనిట్ వెనకాల పడిపోయి, ప్లగ్గు పెట్టాలంటే చెయ్యి దూర్చాల్సి వచ్చేది. "ఇలా ఎందుకు పెట్టించారండీ" అని అడిగితే "ఏమోనమ్మా, కార్పెంటర్ అలాగే వస్తుందన్నాడు" అనేవాళ్లు. కార్పెంటర్‌ని అడిగితే "ఓనరు గారు ఫోన్లో ఫొటో చూపించి అలాగే కావాలన్నారు" అనేవాడు. ఇద్దరి మధ్యా కాగితం మీద కొలత వేసి చూపించే మనిషి లేకపోవడమే అసలు లోటు. ఆ పని నేను నేర్చుకోవాలని అప్పుడే గట్టిగా అనుకున్నాను.

నేర్చుకుందామంటే దారులు మూసుకుపోయి ఉన్నాయి. మన విజయవాడలోనే స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ 2008 నుంచి ఉంది. అమరావతి ప్రాంతానికి జాతీయ డిజైన్ సంస్థ, ఎన్‌ఐడీ, వచ్చింది. అవి గొప్ప సంస్థలు, అవి మన దగ్గర ఉన్నాయంటే నాకూ గర్వంగానే ఉంటుంది. కానీ వాటిలో చేరాలంటే జాతీయ స్థాయి పరీక్ష రాయాలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏళ్ల తరబడి చదవాలి. ఇద్దరు పిల్లల తల్లికి, పగలంతా రంగులు వేసే కుర్రాడికి, వడ్రంగి పని చేసే ఇరవై ఏళ్ల అబ్బాయికి అది కుదరదు. ఇక మిగిలింది బెంజ్ సర్కిల్ చుట్టుపక్కలా, గుంటూరు లక్ష్మీపురం వైపూ బోర్డులు పెట్టిన ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లు. ఒకచోటికి నేనూ వెళ్లి అడిగాను. ఫీజు లక్ష దాటింది. సర్టిఫికెట్ ఏ యూనివర్సిటీదండీ అంటే సూటిగా చెప్పలేదు, కంప్యూటర్లో త్రీడీ బొమ్మలు చూపించారు. బొమ్మలు బాగున్నాయి. ప్లైవుడ్ ముక్క ఒక్కటి కూడా ఆ క్లాసురూములో లేదు.

అలాంటి సమయంలో ఇక్కడి ఒక కాలేజీలో, కమ్యూనిటీ కాలేజీ పథకం కింద, సాయంత్రం పూట ఇంటీరియర్ డిజైన్ డిప్లొమా నడుస్తోందని తెలిసింది. వయసు అడ్డం రాలేదు. ఇంటర్ పాసైన సర్టిఫికెట్ చాలన్నారు. ఫీజు కర్టెన్లు కుట్టిన డబ్బుతోనే కట్టుకోగలిగాను.

కమ్యూనిటీ కాలేజీ అంటే ఏమిటో పాఠకులకు నాలుగు మాటల్లో చెప్పాలి. ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది. ఇల్లినాయ్‌లో 1901లో మొదలైన జోలియట్ జూనియర్ కాలేజీని అక్కడ మొదటి ప్రభుత్వ కమ్యూనిటీ కాలేజీగా చెబుతారు. చుట్టుపక్కల ఉండేవాళ్లకు, ఉద్యోగాలు చేసుకునేవాళ్లకు తక్కువ ఖర్చుతో రెండేళ్ల చదువు చెప్పడం, ఇష్టమైతే ఆ చదువుకు లెక్కగా ఇచ్చే పాయింట్లతో, అంటే క్రెడిట్లతో, యూనివర్సిటీలో మూడో ఏడాదికి వెళ్లనివ్వడం దాని పద్ధతి. డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురు అక్కడ ఇలాగే సాయంత్రాలు వెళ్లి ఇంటీరియర్ కోర్సు చదివింది. మన దేశంలో 1995లో పాండిచ్చేరి యూనివర్సిటీ మొదటిది పెట్టింది. తర్వాత యూనివర్సిటీలకు నిధులిచ్చే కేంద్ర సంస్థ యూజీసీ 12వ పంచవర్ష ప్రణాళిక కాలంలో దీన్ని ఒక పథకంగా తెచ్చి కాలేజీలకు నిధులిచ్చింది. 2013 డిసెంబరులో వచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రానికి, అంటే పని నైపుణ్యాలకు స్థాయిలు నిర్ణయించే పద్ధతికి, ఈ కోర్సులను ముడిపెట్టారు. ఆరు నెలలకు 30 క్రెడిట్లతో సర్టిఫికెట్, ఏడాదికి 60 క్రెడిట్లతో డిప్లొమా. చదువులో అరవై పాళ్లు చేతిపని, నలభై పాళ్లు మామూలు పాఠాలు ఉండాలన్నది నియమం. నాలాంటి దానికి కుదిరింది ఆ అరవై పాళ్ల వల్లే.

మా క్లాసులో ఏం నేర్పారో చెబితే ఈ చదువు విలువ అర్థమవుతుంది.

ప్లైవుడ్ పాఠం రోజు మా మేడం ఒక స్టవ్వు, పెద్ద గిన్నె తెచ్చారు. తలా ఒక ప్లై ముక్క తెమ్మని ముందే చెప్పారు. గవర్నరుపేట, గొల్లపూడి షాపుల నుంచి, సైట్లలో మిగిలిన తుక్కులోంచి రకరకాల ముక్కలు పోగయ్యాయి. ఒక్కోదాని మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టి మరిగే నీళ్లలో వేశాం. క్లాసు అయ్యేసరికి, షాపులో "వాటర్‌ప్రూఫేనమ్మా, ఏం భయం లేదు" అని అమ్మిన ముక్క పొరలు పొరలుగా విడిపోయింది. నీళ్లను బాగా తట్టుకునే మెరైన్ రకం ముక్క చెక్కుచెదరలేదు. ఆ తర్వాతే పుస్తకం తెరిచారు. ఐఎస్ అంటే భారత ప్రమాణం. ఐఎస్ 303 అంటే మామూలు వాడకం ప్లైవుడ్, అందులో తేమను కొంతవరకే తట్టుకునే ఎంఆర్ రకం ఒకటి, మరుగునీటిని తట్టుకునే బీడబ్ల్యూఆర్ రకం ఒకటి. ఐఎస్ 710 అంటే మెరైన్, దాన్ని 72 గంటలు మరిగించి పరీక్షిస్తారు. షీటు మీద ఈ నంబరు, ఐఎస్‌ఐ గుర్తు ముద్ర ఉంటుంది. సింకు కింద ఏది వాడాలి, పడకగది అటక తలుపులకు ఏది సరిపోతుంది, ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎక్కడ మిగుల్చుకోవచ్చు అన్నది ఆ ఒక్క సాయంత్రం తేలిపోయింది. ఇల్లు చేయించుకునే ప్రతి కుటుంబానికీ ఇది తెలియాలి. షీటు కోసి మైకా అంటించేశాక ముద్ర కనపడదు. అందుకే సరుకు సైటులో దిగిన రోజే ఓనరుని పిలిచి ముద్రలు చూపించి ఫొటోలు తీయించడం నేను అలవాటు చేసుకున్నాను.

ఇంకో రోజు అందరం మోచేతి ఎత్తులు కొలుచుకున్నాం. వంటగట్టు ఎత్తు వంట చేసే మనిషి మోచేతికి నాలుగు నుంచి ఆరు అంగుళాలు కింద ఉండాలి. ఐదు అడుగుల మనిషికి ముప్పై రెండు అంగుళాల దగ్గర సరిపోతుంది. బిల్డర్లు మామూలుగా ముప్పై నాలుగు, ముప్పై ఆరు కట్టేస్తారు. దాని మీద గ్యాస్ స్టవ్వు మరో నాలుగు అంగుళాలు లేస్తుంది. దాని మీద కుక్కరు. మన ఆడవాళ్లు భుజం ఎత్తి గరిటె తిప్పుతూ ఏళ్లకు ఏళ్లు గడిపి, మెడ నొప్పని మాత్రలు వేసుకుంటున్నారు. స్టవ్వు పెట్టేచోట గట్టును కాస్త దించితే చాలు. పడమట దగ్గర ఒక ఇంట్లో అలా దించి చేయించాం. ఆ ఇంటి పెద్దావిడ వయసు డెబ్బై దాటింది. ఆవిడ మొదటిరోజు పప్పు తిరగమోత పెట్టి నా వైపు చూసి "చెయ్యి లేపక్కర్లేకుండా ఉందే అమ్మాయ్" అన్నారు. నా పనికి వచ్చిన పెద్ద మెచ్చుకోలు అదే.

కంపెనీల మాడ్యులర్ కిచెన్ కేటలాగులు చూడండి. స్పూన్లకు అర, ప్లేట్లకు అర, సీసాలకు బయటికి లాగే సన్నటి అర, అన్నీ ఉంటాయి. పాతిక కిలోల బియ్యం బస్తా ఎక్కడ పెట్టాలి? పదిహేను కిలోల నూనె డబ్బా? ఆవకాయ జాడీలు? గుంటూరు జిల్లాలో వేసవి వస్తే మిరపకాయలు ఎండబెట్టి ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ డబ్బాలకు చీకటి, చల్లదనం ఉన్న చోటు కావాలి. గ్రైండరు గట్టు మీదకు ఎత్తకుండా కిందే రుబ్బుకునేలా ప్లగ్గు పాయింటు కావాలి. మా క్లాసులో మొదట ఇచ్చిన పనే ఇది: మీ ఇంటి వంటగదిలో ఉన్న సామానంతా ఒక పుస్తకంలో రాసి, పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి తీసుకురండి. దాన్నిబట్టి అరలు గీయాలి. ఇది ఏ విదేశీ పుస్తకంలోనూ దొరకదు, ఈ ఊళ్లో ఈ ఊరివాళ్లకు చెప్పే క్లాసులోనే కుదురుతుంది.

గ్యాస్ సిలిండర్ సంగతి కూడా రాయాలి, ఎందుకంటే అది ప్రాణాలతో పని. వంటగ్యాస్ గాలి కంటే బరువైనది, లీకైతే కిందకే చేరుతుంది. కాబట్టి సిలిండర్ పెట్టిన అరకు గాలి రంధ్రాలు తలుపు అడుగు భాగంలో ఉండాలి. నేను చూసిన చాలా ఇళ్లలో అందం కోసం జాలీ పైన పెట్టి కింద బిగుతుగా మూసేశారు. ఇలాంటివి ఎవరు పట్టించుకుంటారు? ఆర్కిటెక్టు అని బోర్డు పెట్టుకోవాలంటే 1972 ఆర్కిటెక్టుల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంటీరియర్ డిజైనర్ అనడానికి అలాంటి చట్టం లేదు, ఎవరైనా రేపొద్దున బోర్డు కట్టుకోవచ్చు. చట్టం లేనిచోట కనీసం చదువైనా అందుబాటులో ఉండొద్దా?

మా బ్యాచ్‌లో చేరినవాళ్లను చూస్తే ఈ కోర్సు ఎవరికి కావాలో తెలుస్తుంది. నున్న నుంచి వచ్చే ఒక వడ్రంగి కొడుకు, ఆటోనగర్‌లో రేకుల పని చేసే కుర్రాడు, భర్త పోయాక ఏదో ఒక పని నేర్చుకోవాలని వచ్చిన భవానీపురం ఆవిడ, బీఏ పాసై ఖాళీగా ఉన్న ఇద్దరు అమ్మాయిలు, పెయింటింగ్ కాంట్రాక్టులు చేసే ఆయన. పెయింటింగ్ ఆయనకు లప్పం పెట్టిన గోడ మీద చెయ్యి తిప్పితే చాలు, తేమ ఎక్కడుందో తెలిసేది. అమ్మాయిలకు కంప్యూటర్ బాగా వచ్చు. నాకు బట్ట, కొలత తెలుసు. ఒకరి దగ్గర ఒకరం నేర్చుకున్నాం. మంగళగిరి నేత చీరల బట్టతో కర్టెన్లు కుట్టి చూపించమని మా మేడం నాకు ప్రాజెక్టు ఇచ్చారు. నిజాం అంచు కిందకు వచ్చేలా కుట్టాను. ఇప్పటికీ కొత్త ఇళ్లవాళ్లు ఆ ఫొటో చూసి అలాగే కావాలంటారు. ఆ రకంగా మగ్గాలవాళ్లకూ నాలుగు మీటర్ల బేరం తగులుతోంది. మన దగ్గరే ఉన్న సరుకు ఎంతని! చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్, కడప బండ, మాచర్ల వైపు నాపరాయి, కొండపల్లి బొమ్మల పనివాళ్లు. ఇవన్నీ సిలబస్‌లో పాఠాలు కావలసినవి.

మాకు చెక్కపని నేర్పింది ఇబ్రహీంపట్నం వైపు ఉండే ఒక పెద్ద మేస్త్రి. మేమంతా బాబాయ్ గారూ అని పిలిచేవాళ్లం. ఇంగ్లిషు రాదు, చదువు ఐదో క్లాసు. టేకు దూలం మీద గోరుతో గీసి, వాసన చూసి ఏ వయసు చెట్టో చెప్పేవారు. ఒక చెక్క చివర చెక్కిన కూసును ఇంకో చెక్క బెజ్జంలో దూర్చి బిగించడం మా చేత చేయించారు, మేకు లేకుండా. "గీత తప్పు గీస్తే నీకు కాగితం పోద్ది తల్లీ, నాకు షీటు పోద్ది" అనేవారు. డ్రాయింగులో రంపం మందం కూడా లెక్క వేసుకోవాలని ఆయన చెప్పేదాకా నాకు తోచలేదు. ఎనిమిది బై నాలుగు షీటులోంచి ఎన్ని ముక్కలు వస్తాయో ముందే కాగితం మీద కటింగ్ వేసుకుంటే రెండు బెడ్‌రూముల ఇంటి పనిలో రెండు మూడు షీట్లు మిగుల్తాయి. ఓనరుకు అది వేలల్లో డబ్బు.

అలాంటి మనిషికి గౌరవ వేతనం ఇవ్వడానికి ఆఫీసులో అభ్యంతరం చెప్పారు. డిగ్రీ లేని మనిషి పేరు బోధకుల జాబితాలో ఎలా రాస్తామన్నారు. చివరికి 'సామగ్రి ఖర్చు' కింద చూపించి ఏదో ఇచ్చారని విన్నాను. నాకు చాలా బాధ వేసింది. యూజీసీయే 2022లో 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అని పెట్టి, వృత్తిలో కనీసం పదిహేనేళ్ల అనుభవం ఉన్న నిపుణులు డిగ్రీ లేకపోయినా పాఠం చెప్పవచ్చని దారి చూపింది. పెద్ద కంపెనీల అధికారులకు వర్తించే ఆ న్యాయం నలభై ఏళ్లు ఉలి పట్టిన మేస్త్రికి ఎందుకు వర్తించకూడదు?

ఇక 2024 సెప్టెంబరు గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగిన సంగతి మీ పత్రికే రోజూ రాసింది. కొన్ని కాలనీల్లో వారం పైగా నీళ్లు నిలిచాయి. నీళ్లు తీసేశాక మాకు తెలిసినవాళ్ల ఇళ్లకు బురద ఎత్తడానికి వెళ్లాం. ఒక ఇంట్లో ఏడాది కిందటే అప్పు చేసి వేయించుకున్న మాడ్యులర్ కిచెన్. చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు. టీలో ముంచిన రస్కులా చేత్తో పట్టుకుంటే ఊడి వస్తోంది. మైకా షీటు మాత్రం నిగనిగలాడుతూ విడిగా వేలాడుతోంది. ఆ ఇల్లాలు ఏడవలేదు, చీపురుతో ఆ పొట్టంతా ఊడ్చి గోనెసంచిలో ఎత్తుతోంది. పక్కవాటాలో అత్తగారి కాలం నాటి వంటగది. ఇటుక గోడలు కట్టి కడప బండలు పరిచిన అరలు, టేకు తలుపులు. గొట్టంతో కడిగి, సున్నం వేసి, వాళ్లు అందులోనే పొయ్యి వెలిగించుకున్నారు.

ఆ తర్వాత నేను లోతట్టు కాలనీల్లో చేసిన ప్రతి పనిలోనూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. నేల నుంచి మూడు అడుగుల దాకా బోర్డు వాడను. ఇటుక లేదా సిమెంటు అడ్డగోడలు, కడప బండ అరలు, అల్యూమినియం ఫ్రేము తలుపులు. ప్లై వాడితే గట్టు పైనే. కోసిన అంచులన్నీ, కనపడని వెనక వైపు కూడా, సీలు చేయించాలి. నీళ్లు దూరేది అక్కడి నుంచే. కరెంటు ప్లగ్గులు వీలైనంత పైకి. మంచం కింద సొరుగుల బదులు కాళ్లున్న మంచం, ఎత్తి పక్కన పెట్టుకునేలా. దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు పెట్టుకునే పెట్టె అటక మీద, చేతికి అందేచోట. ఇందులో నేను కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. సరుకు గుణం తెలిస్తే ఎవరికైనా తోచేవే. కానీ అదే కాలనీల్లో వరద తర్వాత మళ్లీ అదే పార్టికల్ బోర్డు, ఆఫర్లో వచ్చిందని, ఈఎంఐ మీద వేయించుకున్న ఇళ్లు చూశాను. చెప్పేవాళ్లు లేకే కదా. మూడంటే మూడు డజన్ల మంది ఇలాంటి డిప్లొమా చేసినవాళ్లు ఆ వీధుల్లో ఉండి ఉంటే ఎన్ని కుటుంబాలకు రెండో అప్పు తప్పేది!

మరి నేను చదివిన ఆ కోర్సు ఇప్పుడు లేదు. నిధులు ఆగిపోయాయి, సాయంత్రం బ్యాచ్ ఎత్తేశారు. వర్క్‌షాపు గదికి తాళం పడింది. తర్వాత కంప్యూటర్ కోర్సులకు ఇచ్చేశారని విన్నాను. పథకం డబ్బు ఆగిన రోజే చదువు ఆగిపోయేలా పెట్టడం మన దగ్గర మామూలైపోయింది. అవసరం మాత్రం పెరిగింది. 2025 మే నెలలో అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. ఉద్యోగుల అపార్టుమెంట్లు, ఆఫీసులు, వాటి చుట్టూ తుళ్లూరు, మంగళగిరి, తాడేపల్లి వైపు ప్రైవేటు ఇళ్లు. గోడలు లేచాక లోపలి పని ఎవరు చేస్తారు? ఇప్పటికే పెద్ద పనులకు డిజైనర్లు హైదరాబాద్ నుంచి, వడ్రంగులు రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ నుంచి వస్తున్నారు. వాళ్ల పొట్ట కొట్టమని నేను అనడం లేదు, ఆ కుర్రాళ్ల పనితనం నాకు తెలుసు, వాళ్లతో రోజూ పని చేయిస్తున్నాను. కానీ నదికి ఇవతల అవతల పుట్టి పెరిగిన మన పిల్లలు ఆ ఇళ్లకు డెలివరీ సంచులు మోయడానికే వెళ్లాలా?

ప్రభుత్వానికి, ఉన్నత విద్యామండలికి, నాగార్జున, కృష్ణా యూనివర్సిటీల వారికి నా విన్నపం ఒక్కటే. ఇంటీరియర్ డిజైన్ డిప్లొమాను విజయవాడలో ఒకటి, గుంటూరులో ఒకటి, ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో సాయంత్రం ఆరు నుంచి నడపండి. కొత్త భవనం అక్కర్లేదు. పాలిటెక్నిక్, ఐటీఐ వర్క్‌షాపులు సాయంత్రమైతే ఖాళీగానే ఉంటాయి, రంపాలు, బెంచీలు అక్కడే ఉన్నాయి. రెండు కాలేజీల మధ్య ఒప్పందం కుదిరితే చాలు. స్కూల్ ఆఫ్ ప్లానింగ్ వారు, ఎన్‌ఐడీ వారు శనివారాల్లో తమ లైబ్రరీ, మోడళ్ల గది ఈ విద్యార్థులకు తెరిచి ఉంచితే అదే పెద్ద సాయం. అక్కడి పిల్లలకూ మా మేస్త్రుల దగ్గర నేర్చుకునేది ఉంటుంది.

మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. చాలామందికి ఎక్కడ చేయాలో తెలియక ఏదో ఒక ఆన్‌లైన్ సర్టిఫికెట్ తెచ్చి ఇస్తున్నారు. ఈ డిప్లొమా క్రెడిట్లను దాని కింద లెక్కలోకి తీసుకోవచ్చు. సంపాదించిన క్రెడిట్లను దాచి ఉంచే క్రెడిట్ల బ్యాంకు అని 2021 నుంచి ఉండనే ఉంది. నాలా మధ్యలో చదువు ఆగిపోయినవాళ్లకు ఆ 60 క్రెడిట్లు డిగ్రీ పూర్తి చేసుకోవడానికి పనికొచ్చేలా రాసి ఇవ్వాలి. ఇది మాటవరసకు చెప్పి వదిలేస్తే లాభం లేదు, మార్కుల జాబితా మీద ముద్ర పడాలి. నేను నా క్రెడిట్లు పట్టుకుని ఒక ఆఫీసుకు వెళితే ఆ కాగితం ఏమిటో అక్కడ ఎవరికీ తెలియలేదు.

వడ్రంగులకు 2023 సెప్టెంబరులో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం ఉంది. శిక్షణ రోజుకు ఐదు వందల భత్యం, పనిముట్లకు పదిహేను వేలు, మొదటి విడత లక్ష రూపాయల అప్పు ఇస్తున్నారు. ఆ శిక్షణ ఏదో ఒక హాల్లో విడిగా జరిపే బదులు ఈ డిప్లొమా విద్యార్థులతో కలిపి ఒకే వర్క్‌షాపులో పెడితే ఇద్దరికీ లాభం. గీసేవాళ్లకు కొయ్య తెలుస్తుంది, కోసేవాళ్లకు డ్రాయింగు చదవడం వస్తుంది. నా సైటుల్లో ఎక్కువ వాదనలు వచ్చేది ఆ డ్రాయింగు దగ్గరే. ఎలివేషన్ (ఎదురుగా చూసిన బొమ్మ) ఏదో, సెక్షన్ (కోసి చూపిన బొమ్మ) ఏదో చెప్పి అలవాటు చేశాక నా దగ్గర పని చేసే ఒక కుర్రాడు ఇప్పుడు సొంతంగా ఎస్టిమేట్ వేసుకుంటున్నాడు, చదరపు అడుగు రేటులో ఏది కలిసిందో, ఏది కలవలేదో ఓనరుకు రాసి ఇస్తున్నాడు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. "సైటుల్లో మగవాళ్ల మధ్య తిరగాలి కదమ్మా" అని చాలామంది నన్ను అడుగుతారు. తిరగాలి. మొదట్లో మేస్త్రులు నా మాట వినేవారు కాదు, ఓనరు గారి భార్య అనుకుని "మీరు లోపల కూర్చోండి మేడం" అనేవారు. టేపు తీసి గోడ మూలమట్టం అర అంగుళం తేడా ఉందని చూపించాక వినడం మొదలుపెట్టారు. కొలత తెలిసిన మనిషికి సైటులో మర్యాద దానంతట అదే వస్తుంది. ఇప్పుడు భోజనాల వేళ నా కోసం ఆగుతారు. ఇంటి ఆడవాళ్లు వంటగదిలో తమకు ఏం కావాలో మగ కాంట్రాక్టరుకు చెప్పలేనివి నాకు చెబుతారు. అందుకే ఈ పని మీ అమ్మాయిలకు బాగా నప్పుతుంది. భయపడకండి, పంపండి.

చివరగా మీ పత్రికకు. వచ్చే వారం చదువుల పేజీలో ఈ రకం కోర్సులకు కాస్త చోటు ఇవ్వండి. ఈ ప్రాంతంలో ఇంటీరియర్ డిజైన్ చెబుతున్న సంస్థలను మీ విలేకరుల చేత అడిగించి, ఏది ఏ యూనివర్సిటీ లేదా ఏ బోర్డు గుర్తింపుతో నడుస్తోందో, అసలు ఫీజు ఎంతో, వర్క్‌షాపు ఉందో లేదో, వారానికి ఎన్ని గంటలు సైటుకు తీసుకెళతారో రాయించండి. జూన్‌లో ప్రవేశాలు అయిపోకముందే అది వస్తే, బోర్డు చూసి లక్ష కట్టేసే కుటుంబాలు ముందుగా ఆ నాలుగు ప్రశ్నలూ అడుగుతాయి.

ఇట్లు,
ఇంటీరియర్ డిప్లొమా పూర్వ విద్యార్థిని,
సత్యనారాయణపురం, విజయవాడ.